పాల్ రాజు కాలు కింద పెట్టవలసిన విషయమై

మోటారు వాహనాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

సున్నపురాళ్ళపల్లె గ్రామ కాపురస్తురాలు, ఆశా కార్యకర్త, గంధం ప్రేమకుమారి వ్రాసుకున్న అర్జీ.

జిల్లా: మా ఊరు ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కదలకుండానే ఇప్పటికి రెండు మూడు జిల్లాలు తిరిగినది గనుక, ప్రస్తుతం ఏది నడుస్తున్నదో అది తమరే వేసుకోగలరు.

అయ్యా,

విషయం: లైసెన్సు ఇచ్చుటకు ముందు బండి తోలుటలో శిక్షణ తప్పనిసరి చేయవలెననియు, అందులోనూ బండి ఆపుటలో శిక్షణ ముఖ్యముగా ఉండవలెననియు, ఆ ఉత్తర్వులు వచ్చులోగా నా భర్త పాల్ రాజు విషయంలో తమరు నోటితో ఒక్క మాట సెలవియ్యవలెననియు కోరుట గురించి.

సూచిక: పోయిన ఎండాకాలంలో పరీక్ష మైదానంలో తమరు నా భర్తకు నోటిమాటగా ఇచ్చిన ఆదేశం. (దీనికి కాగితం లేదు. ఆయనకు మాత్రం కాగితం కంటే గట్టిగా గుర్తున్నది.)

పై విషయమును పురస్కరించుకొని మనవి చేసుకొనునది ఏమనగా, మా ఊరిలో ఎవరికి పింఛను ఆగినా, బోరు ఎండినా, వీధిదీపం మాడినా అర్జీ రాసేది నేనే. ఏ అర్జీలో ఎన్ని 'సదరు'లు పడాలో, ఎక్కడ 'కావున' అనాలో నాకు చేతిలో పని. సొంత ఇంటి విషయం రాయడం మాత్రం ఇదే మొదలు. ఎక్కడైనా భాష జారితే మన్నించవలెను. మా ఇంట్లో ఈమధ్య భాష కంటే పెద్దవే జారుతున్నాయి.

1. సదరు సున్నపురాళ్ళపల్లెకు పడమటి దిక్కున, మూతపడిన పలకల గని పక్కన, కొంత ఖాళీ జాగా కలదు. ఆ జాగాలో పలక ముక్కలను నిలువుగా పాతి ఎనిమిది అంకె వేసి ఉన్నది. మా పక్క ఇళ్ళకు తలుపులు లేకపోవచ్చు గాని పలక ముక్కలకు కరువు లేదు. తమ మైదానంలోని ఎనిమిది ఎంత కొలతో ఇదీ అంతే కొలత. దీనిని వేసినవాడు మా ఊరి సీమోను. తమ దగ్గర చాలా మార్లు తప్పి ఆఖరికి గట్టెక్కినవాడు. ఎక్కువ మార్లు తప్పినవాడికే లోతుపాతులు తెలుస్తాయని ఊరంతా నమ్మి అతనిని మాస్టరుగా నిలబెట్టింది. మీసం మొలిచిన ప్రతివాడూ బండి నేర్చుకునేది అక్కడే. మేకలు సైతం ఆ జాగాకు వస్తే పలకల నడుమ వరసగా, మలుపు తప్పకుండా నడిచిపోతాయి. తమరు వాటికి పరీక్ష పెడితే ఒక్కటీ తప్పదు.

సీమోను బోధనా విధానం ఏమనగా, అతను ఎనిమిది నడుమ కానుగ బరికె పట్టుకొని నిలబడతాడు. తిరిగేవాడి కాలు నేలకు తగిలిందంటే పిక్క మీద ఒక్కటి పడుతుంది. "యాడికి మామా కాలు దించేది? కింద ఏమన్నా పరుపు పరిచినారా నీకు?" అని అడుగుతాడు. ఎదురు లారీకి దారి ఇవ్వడం, మలుపు కాడ హారను కొట్టడం, అద్దంలో వెనక చూసుకోవడం ఇవేవీ అతని పాఠంలో లేవు. ఎందుకు లేవని నేనే ఒకసారి అడిగాను. "అయ్యి పరీక్షలో రావు పిన్నమ్మా," అన్నాడు. బండికి బ్రేకు ఒకటి ఉంటుందని మాత్రం చెబుతాడు. దాని జోలికి పోవద్దని కూడా చెబుతాడు. బ్రేకు వేస్తే కాలు దించబుద్ధి అవుతుందట.

కాబట్టి మా ఊరికి శిక్షణ లేదని నేను అనడం లేదు. ఉన్నది. పరీక్షకు శిక్షణ ఉన్నది, రోడ్డుకు లేదు.

2. నా భర్త పాల్ రాజు గురించి తమకు కొంత తెలియజేయవలసి ఉన్నది. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. ఆరాధన పదింటికి అంటే అంతకు చాలా ముందే గంట కొట్టి, ఖాళీ గుడిలో ఒక్కడే కూర్చుని చెమట తుడుచుకునే మనిషి. మాట అంటే మాట. పెద్దవాళ్ళు చెప్పిన మాట అయితే మరీను. ఒకప్పుడు డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు. తరువాత ఆ డాక్టరు గారు బదిలీ అయి వెళ్ళిపోయారు. కొత్త డాక్టరు వచ్చి చూసి, బాగానే ఉంది, ఇంక మామూలుగా తినవచ్చు అన్నారు. ఈయన వినలేదు. "చెప్పినాయన చెప్పాల," అన్నాడు. ఆ పాత డాక్టరు కనిగిరిలో ఉన్నారని ఆరా తీసి, నెంబరు సంపాదించి, ఫోనులో ఆయన నోటితో చెప్పించిన దాకా మా ఇంట్లో ఊరగాయ జాడీ మూత తెరవలేదు. ఈ సంగతి తమరు గుర్తుంచుకోవలెను, కింద అవసరం పడుతుంది.

అటువంటి మనిషి తమ పరీక్షకు వచ్చాడు. మొదటిసారి వంపులో కాలు ఆనించి తప్పినాడు. రెండోసారి ఆనించలేదు గాని ఆనించబోయి తప్పినాడు. అప్పుడు తమరు, తప్పేమీ లేదు, అందరికీ చెప్పినట్టే ఈయనకూ చెప్పారు: "కాలు కింద పెట్టావా, ఫెయిల్. గుర్తు పెట్టుకో." తమరు రోజుకు ఎందరికో చెబుతారు, గేటు దాటేసరికి అందరూ మరిచిపోతారు. ఈయన గుర్తు పెట్టుకున్నాడు.

మూడోసారి కాలు దించకుండా చక్కగా తిరిగి వచ్చాడు. తమరు కాగితంలో ఏదో రాసుకుంటూ తల ఎత్తకుండా "నెక్స్ట్" అన్నారట. కొన్నాళ్ళకు లైసెన్సు కార్డు పోస్టులో వచ్చింది. నేను పాయసం వండాను. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి బైబిలులో పెట్టి, పాయసం మాత్రం తినలేదు.

"సారు పాసు అని అనలేదు ప్రేమా. నెక్స్ట్ అన్నాడు. అంటే ఇంకా ఏందో ఉందన్నట్టే గదా?"

"మరి ఈ కార్డు ఏందయ్యా?"

"కార్డు వచ్చింది. మాట రాలేదు."

3. ఆ దినము మొదలు ఈ దినము వరకు సదరు భర్త బండి మీద కూర్చున్న తరువాత నేల మీద కాలు మోపి ఎరుగడు. మరి బండి ఎట్లా ఆపుతాడని తమకు అనుమానం రావచ్చు. అరుగు పక్కకు తెచ్చి, అరుగు మీద కాలు ఆనిస్తాడు. "అరుగు నేల కాదు గదా, కింద పెట్టినట్టు ఎట్లయితది?" అంటాడు. దీనికి జవాబు తమ రూలు పుస్తకంలోనైనా ఉన్నదో లేదో.

పాస్టరు జీవానందం గారి ఇంటి మెట్టు, ప్రభుత్వ ఆసుపత్రి ముందు సిమెంటు దిమ్మె, పెట్రోలు బంకులో పంపు కింది గట్టు, మోరీ మీది పిట్టగోడ, ఇట్లా కంభం నుంచి మార్కాపురం దాకా కాలు ఆనించే ఎత్తు ఎక్కడెక్కడ ఉన్నదో ఆయనకు కంఠతా వచ్చు. యర్రగొండపాలెం పోదామంటే మాత్రం ఒప్పుకోడు. ఆ దారిలో అరుగులు తక్కువంటాడు.

ఎత్తు లేని చోట నేను దిగవలసి వస్తే, ఆయన వేగం తగ్గిస్తాడు, నేను దూకుతాను. నా ఉద్యోగం ఏమిటో పైన మనవి చేశాను. గర్భిణీ స్త్రీల ఇళ్ళకు వెళ్ళి, నిదానంగా నడవండమ్మా, గభాలున లేవకండి, ఎగిరి దూకకండి అని చెప్పడం నా విధి. ఆ మాట చెప్పడానికి వాళ్ళ గుమ్మం ముందు నడుస్తున్న బండి మీద నుంచి ఎగిరి దూకుతున్నాను. లోపలి నుంచి వాళ్ళే పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంటున్నారు. ఇది ఆరోగ్య శాఖకు కూడా మంచిది కాదు.

4. మా ఊరి నుంచి మార్కాపురం పోవాలంటే రైలు గేటు దాటాలి. సదరు గేటు పక్కన వెనుకటి కాలపు కిలోమీటరు రాయి ఒకటి ఉండేది. గేటు పడితే నా భర్త దాని మీద కాలు ఆనించి నిలబడేవాడు. కొత్త రోడ్డు వేసినప్పుడు ఆ రాయిని పీకేశారు. పీకేటప్పుడు నా భర్తను ఎవరూ సంప్రదించలేదు.

రాయి లేదు, కాలు దించరాదు, గేటు తీయరు. ఇటువంటి పరిస్థితిలో ఆయన తనకు వచ్చిన విద్యనే ఆశ్రయించాడు. గేటు తీసేదాకా గేటు ముందు ఎనిమిది వేస్తాడు. వెనక నేనుంటాను. నా ఒళ్ళో ఒక్కోసారి బియ్యం సంచి ఉంటుంది, ఒక్కోసారి పసిపిల్లలను తూచే తక్కెడ ఉంటుంది. ప్యాసింజరు బండి అయితే త్వరగానే పోతుంది. గూడ్సు వచ్చిందా, దాని పెట్టెలు ఎప్పటికీ అయిపోవు. ఒకసారి తిరిగి తిరిగి, గేటు తీసేసరికి మార్కాపురం ఎటో గిద్దలూరు ఎటో నాకు తెలియలేదు. ఆటోలవాళ్ళు మొదట్లో నవ్వారు. తరువాత అలవాటు పడ్డారు. ఇప్పుడు గేటు పడగానే వాళ్ళే పక్కకు జరిగి మాకు జాగా వదిలి, "రాండి మామా, మీదే ఆలస్యం," అంటున్నారు. స్కూలు బస్సులో పిల్లలు కిటికీలలోంచి చప్పట్లు కొడతారు. గేటుమాను ఒక్కడే తల పట్టుకుంటాడు. నేనూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటాను, గాలికని చెబుతాను.

ఇంతవరకు అయితే నేను అర్జీ రాసేదానిని కాదు. నవ్వుకుని ఊరుకునేదానిని. మా సంఘంలో ఎవరి ఇంట్లో చావో బాధో ఉంటే, పలకరించడానికి వెళ్ళి ఈ గేటు కథే చెప్పి వాళ్ళను నవ్వించి వచ్చిన రోజులు ఉన్నాయి.

5. గత మాసంలో తుంపర పడుతున్న ఒక సాయంత్రం గేటు పడింది. నేను దూకి పక్కన నిలబడ్డాను. ఆయన ఎనిమిది మొదలుపెట్టాడు. వెనక నుంచి ఒక లారీ వచ్చింది. పాపం బయటి ఊరి లారీ, మా ఆచారం తెలియదు. ఖాళీ ఉంది గదా అని ముందుకు తెచ్చాడు. ఎనిమిదిలో సగం లారీ కిందికి పోయింది. మిగిలింది సున్నా. ఆ సున్నాలోనే తిరగబోయి బురదలో బండి వాలింది. అయ్యా, నేను కళ్ళారా చూశాను, ఒక్క కాలు ఆనిస్తే నిలబడే పాటి వాలు. చంటిబిడ్డ కూడా ఆనిస్తుంది. ఆయన ఆనించలేదు. రెండు కాళ్ళూ పైకి ఎత్తుకొని, భుజం మీద పడినాడు.

లారీ ఆగింది. ముందు చక్రం ఆయన కండువా అంచు మీదికి ఎక్కి ఆగింది. కండువా రెండో అంచు ఆయన మెడలోనే ఉన్నది.

లారీ డ్రైవరు దూకి వచ్చినాడు. "కాలు దించితే నీదేం పోయిందయ్యా!" అని అరిచినాడు. బురదలో పడుకొనే మా ఆయన, "ఫెయిలయిపోతా నాయనా," అన్నాడు.

ఆసుపత్రిలో భుజానికి కట్టు కడుతూ సిస్టరమ్మ నవ్వింది. డాక్టరు గారు నవ్వారు. ఊరికి వచ్చాక ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఊరికి అది కథ. నాకు ఆయన మొగుడు. ఆ కండువా ఉతుకుతూ ఎంత ఏడ్చానో రాయడానికి అర్జీలో గడి లేదు. ఆయన నాకు కావాలి. దీనిని ఇంతకంటే ప్రభుత్వ భాషలో పెట్టడం నా వల్ల కావడం లేదు.

6. శిక్షణ తప్పనిసరి చేయాలన్న నా మాటకు గ్రామంలో అభ్యంతరాలు లేకపోలేదు. న్యాయంగా అవి కూడా తమ ముందు పెడుతున్నాను. ఒకప్పుడు లారీ తోలి ఇప్పుడు టీ బంకు దగ్గర బెంచీ తోలుతున్న ఓబులయ్య మామ ఇట్లా అన్నాడు:

"బండి తోలేదానికి బడి ఏందమ్మీ? మా నాయన ఎద్దులబండి తోలినాడు, నేను లారీ తోలినాను. ఎవుడు నేర్పినాడు మాకు?"

"ఎద్దులకు ఆగేది తెలుసు మామా. మోటారుకు తెలీదు."

ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "అదీ నిజమేలే. మా ఎద్దులు ఇల్లు రాంగనే వాటంతట అవే నిలబడేవి. నేను నిద్రపోతాన్నా నిలబడేవి," అన్నాడు. అంతటితో ఒప్పుకున్నాడనుకోవద్దు. "అయితే ఒకటి. తప్పనిసరి అంటే ఏమయితదో నాకు తెలుసు. నేర్పినట్టు కాగితం ఇస్తారు. నేర్పరు. ఇప్పటిదాకా సీమోనుగాడు ఒకడే ఉండె, ఇంక ఊరికొక సీమోను లేస్తాడు. కూలికి పోయేటోడు పని మానుకొని ఆ కాగితం కోసరం తిరగాల."

ఓబులయ్య మామ ఊరికే అనడు, రోడ్లన్నీ చూసినవాడు. ఈ మాటకు తమ దగ్గర జవాబు ఉంటుందని ఆశతో రాస్తున్నాను. నా చిన్న బుద్ధికి తోచింది ఏమంటే, నేర్పడం బడిలో కాకుండా రోడ్డు మీద జరగాలి. మా రోడ్డు మీదే, మా గేటు దగ్గరే. కూలీనాలీ చేసుకునేవారికి వీలైన పూట జరగాలి. ఆఖరున ఎనిమిది ఒక్కటే కాకుండా, ఆపు, దిగు, మళ్ళీ ఎక్కు అని కూడా అడగాలి. ఎనిమిది అంకె మీద నాకు కోపం లేదు. కానీ అయ్యా, మా మండలంలో ఎనిమిది ఆకారంలో ఉన్న రోడ్డు నేనైతే చూడలేదు.

7. ఈ అంశము అర్జీదారు సొంతము. నేను కూడా ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను. కంప్యూటరు మీద గుర్తులు చూపించి అడిగితే అన్నీ చెప్పాను. ముందు బడి ఉంది, ముందు వంతెన ఉంది, ముందు పశువులు ఉన్నాయి. అన్నీ వచ్చు, బండి ఒక్కటే రాదు. సీమోను జాగాలో నేర్చుకుందామంటే, అక్కడ గోడ మీద కూర్చుని చూసే కుర్రాళ్ళు తోలేవాళ్ళ కంటే ఎక్కువ. మా ఆయన "నేను ఉండంగ నీకెందుకు?" అంటాడు. ఆయన ఉన్నాడనే గదా నాకు భయం.

మార్కాపురంలో బట్టలు కుట్టే చాంద్‌బీ నా స్నేహితురాలు. బురఖా మీద హెల్మెట్టు పెట్టుకుని స్కూటీ మీద అంగడికి పోయి వస్తుంది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నన్ను ఊరి బయట మట్టి రోడ్డు మీదికి తీసుకుపోయింది. నేను ఎక్కి కూర్చోగానే యాక్సిలేటరు తిప్పబోయాను. చేతి మీద ఒక్కటేసింది.

"పైలే రుకనా సీకో ప్రేమక్కా, చలానా బాద్ మే. ముందు ఆపడం రావాల. ఆపడం వస్తే తోలడం దానంతట అదే వస్తది."

ఆ రోజంతా అదే పని. నాలుగు గజాలు పోవడం, బ్రేకు వేయడం, కాలు ఆనించడం. మళ్ళీ నాలుగు గజాలు. చెప్పులోంచి నేల తగిలిన ప్రతిసారీ ఎంత హాయిగా ఉన్నదో తమకు చెప్పలేను. నేల ఎక్కడికీ పోలేదు, ఎప్పుడూ అక్కడే ఉన్నది, మన కోసమే ఉన్నది అనిపించింది. ఆ సంతోషంలో మా ఆయనను పిలిచి, చూడయ్యా ఇట్లా ఆగాలి అని ఆపి చూపించాను. ఆయన నా కాలి వంక చూశాడు. జాలిగా తల ఊపాడు.

"పాపం, నువ్వు ఫెయిలయితావే," అన్నాడు.

మా అత్త రోశమ్మ గురించి కూడా ఒక మాట. ఆమె ఎవరు చెప్పినా ఏదీ వినదు. కంటి ఆపరేషనుకు రమ్మని నేను, నా భర్త, పాస్టరు గారు వరసగా బతిమాలాము. కదలలేదు. పెద్ద వయసు వాళ్ళకు ఇది రూలంట అత్తా అని నేను అబద్ధమాడితే, వెంటనే చీర మార్చుకొని చెప్పులేసుకుంది. ఇప్పుడు సూదిలో దారం తానే ఎక్కించుకుంటుంది. కోడలు బండి నేర్చుకుంటుందంటే ఆమె మంచం దిగి వాకిట్లో అడ్డం కూర్చుంది. ఆడవాళ్ళకు నేర్పించడం మంచిదని ఎవరు చెప్పినా మా ఇంట్లో 'మంచిది' అన్న మాట చెల్లదు. 'తప్పనిసరి' అన్నది చెల్లుతుంది. కావున తమరు శిక్షణ తప్పనిసరి చేస్తే, అది రోడ్డు మీద ఎంతమందిని కాపాడుతుందో గాని, నన్ను మాత్రం గుమ్మం దాటిస్తుంది.

కావున అయ్యవారు పై అంశాలను దయతో పరిశీలించి,

(అ) ఇకపై కొత్తగా లైసెన్సు కోరువారికి, ముందుగా ఆపుట, తరువాత తోలుట అను క్రమంలో శిక్షణ తప్పనిసరి చేయవలసినదిగా పై అధికారులకు రాయవలెననియు,

(ఆ) ఇదివరకే ఎనిమిది వేసి లైసెన్సు పొంది ఊళ్ళ మీద తిరుగుచున్న నా భర్త వంటి వారిని ఒకసారి పిలిపించి, పరీక్ష అయిపోయినదని తెలియజేయవలెననియు,

(ఇ) పై రెండూ ఆలస్యమైన పక్షమున, రైలు గేటు పక్కన పీకివేసిన కిలోమీటరు రాయిని యథాస్థానంలో పాతించవలెననియు

ప్రార్థిస్తున్నాను. ఇది చిత్తగించవలెను. తమ చిత్తం ప్రస్తుతం వేరే కాగితం మీద ఉన్నయెడల, అది ముగిశాకనైనా చిత్తగించవలెను. నేను బెంచీ మీదే ఉంటాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
గంధం ప్రేమకుమారి,
సున్నపురాళ్ళపల్లె.

మరొక మనవి: పై అర్జీ ఇంట్లో కుదురుగా కూర్చుని రాసి తెచ్చాను. ఈ కిందిది తమ వరండాలో బెంచీ మీద, ఒడిలో సంచి పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు బెంచీది.

బస్సుకు పోదామని నేను ఎంతో చెప్పాను. ఆయన భుజం కట్టు విప్పి ఎన్నాళ్ళో కాలేదు. "లైసెన్సు ఇచ్చిన సారు కాడికి బస్సులో పోతే ఏమనుకుంటాడే?" అని బండి తీసినాడు. ఈ కాగితం వీధిదీపం అర్జీ అనుకుంటున్నాడు. నేను దీనిని సంచిలో అడుగున పెట్టుకుని వెనక ఎక్కాను.

దారిలో గేటు పడలేదు, దేవుని కృప. తీరా ఇక్కడికి వస్తే, తమ ఆఫీసు ముందు ఇదివరకు ఉన్న మెట్లు తీసేసి, నడవలేనివాళ్ళకోసం నున్నగా ఏటవాలు దారి కట్టించారు. మంచి పనే, పుణ్యం వస్తుంది. కానీ ఆయన ఆ మెట్లనే నమ్ముకొని వచ్చాడు. కాలు ఆనించేందుకు ఎక్కడా జానెడు ఎత్తు లేదు. నేను ఎప్పటి మాదిరిగా దూకి లోపలికి వచ్చాను. ఆయన ఆ నిమిషం నుంచి తమ వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ నడుమ తిరుగుతున్నాడు. తమ కుర్చీలోంచి కొంచెం ఎడమకు వంగి కిటికీలో చూస్తే కనబడతాడు. తెల్ల చొక్కా, గీతలు పడ్డ హెల్మెట్టు. కండువా కొత్తది. పాతదాని మీద టైరు అచ్చు ఎంత ఉతికినా పోలేదు.

పరీక్షకు వచ్చిన కుర్రాళ్ళు చుట్టూ చేరి, ఎవరో పెద్ద మాస్టరని ఆయన తిరిగేది చూసి నేర్చుకుంటున్నారు. ఇట్లా వదిలేస్తే రేపటికి తమకు ఇంకో పాతికమంది పాల్ రాజులు తయారు.

ఇందాక వరండాలోంచి గట్టిగా పిలిచి, "అయ్యా, కాలు దించు, ఎవరూ చూడడంలేదు," అన్నాను. "ఆఫీసు ముందరే అంటాండవా ప్రేమా ఆ మాట!" అని చెట్టు అవతలికి పోయినాడు.

పైన ఉప్పు సంగతి గుర్తుంచుకోమని మనవి చేశాను. చెప్పినాయన చెప్పాలి. తమ శిక్షణ ఉత్తర్వులు ఎప్పుడు వస్తాయో, ఎన్ని టేబుళ్ళు దాటాలో నాకు తెలుసు, నేనూ ఎన్నో అర్జీలు రాశాను. (అ), (ఆ), (ఇ) మూడూ తరువాత చూసుకోవచ్చు. ప్రస్తుతానికి తమరు కుర్చీలోంచి లేచి, ఏటవాలు దారి మీదికి వచ్చి, ఆయన ఈ వంపు తిరిగేటప్పుడు వినబడేటట్టుగా, "పాల్ రాజూ, పాసైనావు. ఇంక కాలు కింద పెట్టు," అనండి. 'నెక్స్ట్' మాత్రం దయచేసి అనవద్దు.

వేగిరం దయచేయవలెను. బండి రిజర్వులో పడి చాలాసేపయింది. తమరు వచ్చేలోపల పెట్రోలు అయిపోయినా చింతలేదు. బండి ఆగేముందు కుర్రాళ్ళ చేత రెండు పక్కలా పట్టించి ఆయనను దింపిస్తాను. ఇద్దరం బంకు దాకా తోసుకుంటూ పోతాం. తోసేటప్పుడు ఆయన కాళ్ళు రెండూ నేల మీదే ఉంటాయి, నాకు అంతే కావలసింది.